ఆ ఊళ్ళో నేను చూసిన సగం

క్వెట్టా బస్సు మమ్మల్ని దించేసి వెళ్ళిపోయాక
చాలాసేపు చెవుల్లో ఇంజను తిరుగుతూనే ఉంది.
అది ఆగాక గానీ తెలియలేదు
ఈ ఊళ్ళో చప్పుడు చేసేది ఇంకేమీ లేదని.

జియారత్. సెప్టెంబరు చివరి వారం.
కొండ పొడుగునా జునిపర్ చెట్లు,
ఒక్కోదాని వయసెంతని అడిగితే
"మీ ముత్తాతనడగండి" అంటాడు ఆపిల్ పళ్ళు తూచే కుర్రాడు
తక్కెడ మీంచి చూపు తిప్పకుండా.

కరాచీలో ముప్పై ఏళ్ళు
ఉర్దూ పత్రికకి అచ్చుతప్పులు దిద్దినవాణ్ణి.
నుజ్హత్ బడిపిల్లలకు కుట్లు నేర్పేది.
ఇద్దరి చేతులూ ఒకే ఏడాది ఖాళీ అయ్యాయి.
"పాత కుట్లు చూద్దాం పద,
అద్దాల బీరువాల్లోవి కాదు, ఒంటి మీదున్నవి" అంది.
సరే అన్నాను. మరేం పనుంది నాకు?

లాజ్‌వర్ కాకా ఇంటి మట్టిగోడకు
రెండు తలుపులు.
ఒకటి నాకు తీశారు, ఒకటి ఆమెకు.
ముప్పై నాలుగేళ్ళ కాపురంలో
ఒకే ఇంట్లోకి వేరే వేరే గుమ్మాల్లోంచి
వెళ్ళడం అదే మొదలు.

నా వైపు హుజ్రా.
నులక మంచాలు, బాలీసులు, గోడకానుకున్న గడ్డాలు.
యాలకుల వాసనేసే గ్రీన్ టీ
తాగేకొద్దీ పోస్తారు,
చాలనుకుంటే కప్పు బోర్లించాలని
ఆరో కప్పు దగ్గర ఎవరో జాలిపడి చెప్పారు.
కాల్చిన రాయికి పిండి చుట్టి నిప్పుల పక్కన పెట్టిన కాక్ రొట్టె.
విరిస్తే లోపల
రాయంత ఖాళీ.

కారేజు ఎండిపోయిన సంగతి చెప్పారు,
బోర్లు ఎన్ని అడుగులకు దిగాయో చెప్పారు.
సరిహద్దు గోడ కోసం పన్నెండేళ్ళుగా మాటల్లేని అన్నదమ్ములు
నాకు కుడివైపొకడూ ఎడమవైపొకడూ కూర్చుని
నా చేతి మీదుగా ఉప్పు అందించుకున్నారు.
అతిథికి అదీ ఒక పనే.

అప్పుడు గోడ అవతల
ఒక్కసారిగా నవ్వు.
పదిమంది ఆడవాళ్ళ నవ్వు, ఆపుకోబోయి మళ్ళీ పగిలింది.
ఇటువైపు మగవాళ్ళందరూ
కూడబలుక్కున్నట్టు టీ కప్పుల్లోకి చూశారు.
నేనూ చూశాను.
అందులో నా భార్య నవ్వేదో
పోల్చుకోలేకపోయాను.

రాత్రి గెస్ట్‌హౌస్‌లో
రెండు కంబళ్ళు చాలని చలిలో
నా సగం నేను చెప్పాను: కారేజు, గోడ, ఉప్పు.
తన సగం తను చెప్పింది.
స్పోజ్‌మై అనే ముసలామె, చందమామ అని అర్థమట,
కళ్ళు పూర్తిగా పోయాయి,
ఇప్పటికీ వేలి కొసతో దారాలు లెక్కపెట్టి
ఏ కుట్టు ఏ పల్లెదో చెప్పేస్తుందట.
పెట్టెలోంచి పెళ్ళినాటి చొక్కా తీయించి
ఛాతీ మీది అద్దాలన్నీ నుజ్హత్ చేత తడిమించిందట.
"అక్కడొకటి ఊడింది, ఎలా ఊడిందో అడగవేం?"
అందట. అంతా నవ్వారట.

"ఎలా ఊడింది?"

"రెండు పాదాల పాటలో చెప్పింది.
ముందు పష్తోలో ఆమె నా చెవిలో,
తర్వాత ఉర్దూలో చిన్నకోడలు నా చెవిలో.
మగవాడికి చెప్పనని ఒట్టేయించుకున్నారు."

"నాక్కూడానా?"

"నువ్వు మగవాడివి కాదూ?"

దీపం తీసేసింది.
ముప్పై ఏళ్ళు నా కన్ను దాటకుండా
ఒక్క వాక్యమూ అచ్చుకెళ్ళలేదు.
ఇప్పుడు జానెడు దూరంలో
రెండు పాదాలు
నేను దిద్దడానికి లేకుండా నిద్రపోతున్నాయి.
అలిగానేమో కాసేపు. ఆ తర్వాత
అలగడానికి కూడా చలేసింది.

తెల్లారి బస్సెక్కాం.
కొండ వంపుల్లో జునిపర్లు వెనక్కి జరుగుతున్నాయి.
కిటికీ వైపు తిరిగి ఆమె
పెదాలు మాత్రం కదుపుతోంది,
మర్చిపోకుండా కాబోలు.
కుచ్లాక్ దాటాక ఉన్నట్టుండి
తనలో తనే నవ్వింది.

ఈసారి పోల్చాను.
ఏమిటని అడగలేదు.
సంచిలోంచి ఆపిల్ తీసి, తుడిచి,
సగం కోసి ఇచ్చాను.